ఉద్దానం ఏ శాఖ కిందికి వస్తుంది?

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలను కలిపి ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో ఊళ్లు. ఆ పచ్చదనం మధ్యే దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు. మామూలుగా కిడ్నీలు పాడయ్యేది షుగరు వల్లో, బీపీ వల్లో. ఇక్కడ చాలామందికి ఆ రెండూ లేవు. మొదట్లో నొప్పీ ఉండదు. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకునేసరికే చాలామందికి ఆలస్యమైపోతుంది. కారణం ఇప్పటికీ ఖాయంగా తేలలేదు.

ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులకు ఉంది. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకూ ఉంది. భాషలు వేరు, పంటలు వేరు. ఎండలో నడుం వంచి పనిచేసే పేదవాళ్లే అన్నిచోట్లా దీని పాలబడుతున్నారు. యూనివర్సిటీలో ప్రపంచ సమస్యలను పలు శాస్త్రాలు కలిపి చదవడమంటే ఏమిటని అడిగే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ జబ్బు గురించే.

ఒక్కో శాఖకు అప్పగించి చూడండి. కిడ్నీ డాక్టరు చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ భాగం దెబ్బతిన్నదో చెప్పగలరు. దెబ్బతీసిందేదో ఆ ముక్క చెప్పదు. భూగర్భ శాస్త్రజ్ఞులు బోరు నీటిలో సిలికా కోసం, భారలోహాల కోసం వెతుకుతారు. రసాయన శాస్త్రజ్ఞులు పురుగుమందులను అనుమానిస్తారు. మరికొందరు ఎండనీ చెమటనీ, ఇంకొందరు ఒళ్లునొప్పుల మాత్రలనీ. ఏదీ కొట్టిపారేయదగ్గ అనుమానం కాదు. ఏ ఒక్కటీ కథ మొత్తం చెప్పడం లేదు.

మధ్య అమెరికా సంగతి కాస్త నిదానంగా చూడాలి. అక్కడ చెరకు కూలీకి నరికిన టన్నుల లెక్కన డబ్బులిస్తారు. నీళ్లు తాగడానికి ఆగితే ఆ కాసేపటి కూలి పోయినట్టే. ఒంట్లో నీరు తగ్గిందని వైద్యం చెబుతుంది. ఎందుకు తాగలేదన్నది కూలి లెక్క చూస్తేగానీ తెలియదు. నికరాగువాలో ఒక చక్కెర మిల్లు పొలాల్లో విరామం, నీడ, తాగునీరు పెంచారు. కూలీల్లో కిడ్నీ దెబ్బతినడం తగ్గిందని పరిశోధకులు నమోదు చేశారు. కొత్త మందేమీ కనిపెట్టలేదు. అడిగే ప్రశ్న మారింది. నా దృష్టిలో ఈ చదువు ప్రాణం అక్కడే ఉంది.

తొందరపడితే ఏమవుతుందో శ్రీలంక చూపింది. గ్లైఫోసేట్ అనే కలుపుమందే కారణమన్న అనుమానం బలపడగానే, రుజువు పూర్తిగా దొరకకముందే, 2015లో నిషేధించారు. కలుపు తీయించలేక తోటల వాళ్లు ఇబ్బంది పడ్డారు. 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలింపు ఇచ్చారు. రైతు ఖర్చులు, కూలీల కొరత, పాలన తీరు తెలిసినవాళ్లు కూడా ఆ నిర్ణయం తీసుకునే చోట కూర్చోవాల్సింది.

అలాగని అన్నిట్లో తలా కాస్త నేర్చుకుంటే సరిపోదు. ఒక శాస్త్రంలో లోతుగా దిగాలి. గణాంకశాస్త్రం కావచ్చు, నీటి రసాయనం కావచ్చు. పక్క శాస్త్రం మాట్లాడే మాట అర్థం చేసుకునేంత అలవాటు మాత్రం తప్పనిసరి. కోర్సు ఎంచుకునేటప్పుడు పేరులో ఏముందో చూడొద్దు. ఇద్దరు వేర్వేరు శాఖల అధ్యాపకులు ఒకే తరగతిలో కలిసి చెబుతారా, విద్యార్థుల్ని ఊళ్లకు పంపుతారా అని అడగండి.

మళ్లీ ఉద్దానానికి వద్దాం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇక బోరు నీళ్లు మానినవాళ్లలో జబ్బు తగ్గుతుందా అన్నది ఏళ్ల తరబడి చూడాలి. ఈలోగా వాళ్ల పనివేళలు మారతాయి, ఎండలు మారతాయి, మింగే మాత్రలు మారతాయి. అవన్నీ కలిపి రాయకపోతే, తగ్గినా ఎందుకు తగ్గిందో చెప్పలేం. క్రియాటినిన్ అంకె పక్కనే, ఆ మనిషి ఆ రోజు తోటలో ఎన్ని గంటలు పనిచేసిందో, మధ్యలో ఎన్నిసార్లు నీళ్లు తాగిందో రాసుకునే నోటు పుస్తకం ఒకటి కావాలి.