దుంగలు లాగిన ఏనుగులు

చియాంగ్ మాయ్‌లో చెప్పుకునే కథ ప్రకారం గుడికి స్థలం చూసింది రాజు కాదు, ఏనుగు. 14వ శతాబ్దంలో లాన్నా రాజు క్యూ నా చేతికి బుద్ధుడి ధాతువు వచ్చింది. ఎక్కడ ప్రతిష్ఠించాలో తేలక తెల్ల ఏనుగు వీపు మీద పెట్టి వదిలేశారట. అది ఊరి పడమటి కొండెక్కి, మూడుసార్లు ఘీంకరించి, అక్కడే కూలిపోయింది. దోయ్ సుథేప్ కొండ మీది బంగారు స్తూపం ఆ చోట కట్టిందే. పైకి 300కు మించిన మెట్లు, రెండు వైపులా పడగలెత్తిన నాగులు. కొండ మీదికి వెళ్లే రోడ్డు వెనకా ఓ కథ ఉంది. క్రూబా శ్రీవిచై అనే భిక్షువు పిలుపు అందుకుని జనమే పలుగూ పారా పట్టారు. 1935 నాటికి పూర్తి చేశారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద, వెనక రెండు బల్లలు వేసిన ఎర్ర బండ్లు యాత్రికులను కుక్కుకుని తిరుగుతుంటాయి.

థాయ్‌లాండ్ అనగానే మనవాళ్లు బ్యాంకాక్, పట్టాయా చూసి వచ్చేస్తారు. ఉత్తరాన ఉన్న ఈ పాత లాన్నా రాజధానిని వదిలేయడం నష్టమే. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన ఊరు ఇది. చదరంగా తవ్విన కందకం ఇప్పటికీ నీళ్లతో ఉంది. ఊళ్లో మొట్టమొదటి గుడి వాట్ చియాంగ్ మన్. అక్కడి స్తూపాన్ని 15 ఏనుగులు భుజాన మోస్తున్నట్టు చెక్కారు. వాట్ చెదీ లువాంగ్ పైభాగం 1545 భూకంపంలో కూలింది. మిగిలిన మొండెమే ఇంత ఎత్తుంటే, కూలకముందు ఎలా ఉండేదో అనిపిస్తుంది. దాని నడుం చుట్టూ కూడా ఏనుగులే.

గుళ్లు చూసేందుకు ఓ పూట చాలు. తినడానికి చాలదు. ఆదివారం సాయంత్రం థా ఫే గేటు నుంచి రాట్చదమ్నోన్ రోడ్డు పొడవునా బండ్లు ఆపేసి వీధంతా సంత చేసేస్తారు. దారిలోని గుళ్ల ప్రాంగణాలూ ఆ పూట తిండి అంగళ్లే. మిగతా రోజుల్లో చీకటి పడ్డాక చాంగ్ ఫుయాక్ గేటు దగ్గరికి వెళ్లాలి.

ఈ ఊరి వంటకం ఏదంటే ఎవరైనా ఖావ్ సోయ్ అనే చెబుతారు. కొబ్బరిపాల కూరలో గుడ్డు నూడుల్స్, పైన నూనెలో కరకరలాడించిన మరికొన్ని నూడుల్స్. పక్కన ఊరబెట్టిన ఆవాకు, చిన్న ఉల్లిపాయలు, నిమ్మచెక్క, నూనెలో వేయించిన ఎండుమిరప కారం. చైనాలోని యునాన్ నుంచి కంచరగాడిదల మీద సరుకులు తెచ్చిన ముస్లిం వర్తకులతో ఈ వంట ఇటు వచ్చిందని చెబుతారు. నైట్ బజార్ దగ్గర బాన్ హా మసీదు సందులో ఇప్పటికీ కోడి, గొడ్డు మాంసాలతోనే వండుతారు, పంది మాంసం ఉండదు. నన్నడిగితే ఖావ్ సోయ్ కన్నా నామ్ ఫ్రిక్ నుమ్‌కే ఓటు. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, చిన్న ఉల్లి నిప్పుల మీద కాల్చి రోట్లో నూరుతారు. మన కాల్చిన పచ్చిమిర్చి పచ్చడే, చింతపండు లేదంతే! వేళ్లతో ముద్ద చేసిన జిగురన్నాన్ని అందులో అద్దుకుని తినాలి.

శాకాహారులకు ఓ హెచ్చరిక. కూరగాయల వంటకమే అనుకున్న దాంట్లోనూ ఫిష్ సాస్ పోస్తారు, రొయ్యల ముద్ద కలుపుతారు. పసుపు జెండా మీద ఎర్రక్షరాలున్న అంగడి వెతుక్కోండి. అది 'జే' భోజనం. మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. మడి కట్టుకున్న మామ్మగారికీ పనికొస్తుంది.

ఇక ఏనుగులు. ఊరంతా ట్రావెల్ ఏజెంట్ల బోర్డుల మీద అవే. ఈ ఏనుగుల పాత ఉద్యోగం టూరిజం కాదు. టేకు అడవుల్లో దుంగలు లాగేవి. 1988 నవంబరులో దక్షిణ థాయ్‌లాండ్‌ను వరదలు ముంచాయి. నరికేసిన కొండల మీంచి బురదతో పాటు దుంగలు ఊళ్ల మీద పడ్డాయి. మరుసటి ఏడాది జనవరికల్లా ప్రభుత్వం అడవుల నరికివేతను నిషేధించింది. అడవికి మేలు జరిగింది, ఏనుగుకూ మావటికీ పని పోయింది. కొన్ని నగరాల్లో బిచ్చమెత్తాయి. మిగతావి అంబారీ కట్టుకుని పర్యాటకుల్ని మోశాయి, కుంచె పట్టి బొమ్మలు వేశాయి. గున్నను తల్లి నుంచి విడదీసి, కట్టేసి, కొట్టి లొంగదీసే పాత పద్ధతి ఈ ప్రదర్శనల వెనక ఉంది.

దీన్ని మొదట ఎదిరించిన వాళ్లలో సాంగ్‌దుయన్ చైలెర్ట్ ఒకరు. అందరూ 'లెక్' అంటారు. మే తేంగ్ లోయలో ఆమె పెట్టిన ఎలిఫెంట్ నేచర్ పార్కులో చూపు పోయినవి, కాళ్లు విరిగినవి, ముసలివి బతుకుతున్నాయి. ఎక్కడం లేదు, ఆటలు లేవు. 2024 అక్టోబరు వరదల్లో అక్కడ రెండు ఏనుగులు చనిపోయాయి. ఆ పార్కుకు పేరొచ్చాక దాదాపు ప్రతి క్యాంపూ తన పేరు పక్కన 'శాంక్చురీ' చేర్చుకుంది. అంబారీ తీసేసి బదులుగా నదిలో స్నానం చేయించే సరదా అమ్మడం మొదలెట్టారు. రోజూ కొత్త జనం వచ్చి రుద్దుతుంటే ఏనుగుకు అది విశ్రాంతి ఎలా అవుతుంది? 2025 జనవరిలో దక్షిణాన యావో యాయ్ దీవిలో స్నానం చేయిస్తుండగా ఏనుగు పొడవడంతో ఒక స్పెయిన్ యువతి మరణించింది.

అలాగని క్యాంపులన్నీ మూసేయమనడం తేలిక కాదు. 2020లో కోవిడ్‌తో పర్యాటకులు ఆగిపోతే తిండి పెట్టలేక వందకు పైగా ఏనుగుల్ని మావటులు నడిపించుకుని కొండల్లోని కరెన్ తెగ పల్లెలకు తీసుకెళ్లారు. ఒక్కోదానికి రోజుకు 150 కిలోల మేత ఎవరు తెస్తారు? చాలా ఏనుగులకు సొంతదారులు ఆ పల్లె కుటుంబాలే. మన కుప్పం, పలమనేరు రైతుకు ఏనుగంటే రాత్రిపూట పంట తొక్కే భయం. ఆ పల్లెల్లో మాత్రం అదే ఇంటి ఆస్తి.

అందుకే వెళ్లండి, కానీ టికెట్ కొనేముందు అడగండి. దూరం నుంచి చూపించేవాళ్లు మొదట నిరుత్సాహపరుస్తారు. మట్టి పోసుకునే ఏనుగును, చెట్టుకు వీపు గోక్కునే ఏనుగును గట్టు మీద కూర్చుని చూడ్డమేనా అని పిల్లలు సణుగుతారు. ఫొటో కూడా సరిగా రాదు. 'స్నానం చేయించొచ్చా' అని ఫోన్లో అడిగినప్పుడు అవతలి గొంతు 'ఓ, మీరూ నీళ్లలోకి దిగొచ్చు' అని హుషారుగా చెబితే, థాంక్స్ చెప్పి ఇంకో నంబరుకు ఫోన్ చేయండి.