ఛాయాగ్రాహకుడు – రంగుల దిద్దుబాటు

1957లో విడుదలైన ‘మాయాబజార్’ చిత్రానికి మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రాహకుడు. ఆ రోజుల్లో తెరమీది వింతలు చాలావరకు కెమెరాలోనే రూపొందేవి. ఫిలింలో కొంతభాగాన్ని కప్పి చిత్రీకరించి, దానిని వెనుకకు తిప్పి, మిగిలిన భాగంపై మరొక దృశ్యాన్ని ఎక్కించేవారు. లెక్క తప్పితే ఆ శ్రమ అంతా వృథా అయ్యేది. నేడు ఆ పని కంప్యూటర్‌కు మారింది. తరచుగా ఛాయాగ్రాహకుని చేయి కూడా దాటిపోయింది. తాను శ్రమించి కూర్చిన వెలుగునీడలను మరొకరు మార్చివేసినప్పుడు, అభ్యంతరం చెప్పడానికైనా అతనికి ఆ విద్య తెలిసి ఉండాలి.

ఆ విద్యకు రెండు శాఖలు. చిత్రీకరించిన దృశ్యంలోని వెలుగును, రంగులను సవరించడం ‘కలర్ గ్రేడింగ్’. వేర్వేరుగా తీసిన దృశ్యాలను అతుకు కనబడకుండా ఒకటిగా కూర్చడం ‘కంపోజిటింగ్’. ఛాయాగ్రాహకుడు ముందుగా నేర్వదగినది మొదటిదే. 2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ అనే అమెరికన్ చిత్రం ఇందుకు చక్కని నిదర్శనం. మిసిసిపీ రాష్ట్రపు వేసవి పచ్చదనంలో తీసిన ఆ చిత్రాన్ని ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ కంప్యూటర్ సాయంతో ఎండుగడ్డి వన్నెకు మార్పించాడు. ఏ ఆకుపచ్చను తొలగించాలో, మనుషుల మేనిఛాయ చెడకుండా ఎక్కడ ఆగాలో చిత్రీకరించిన కంటికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

సాధనాల విషయానికి వస్తే, ‘డావిన్చీ రిజాల్వ్’తో ఆరంభించడం యుక్తం. ఒకప్పుడు లక్షల డాలర్ల ఖరీదుతో పెద్ద స్టూడియోలకే పరిమితమైన ఈ వ్యవస్థను రూపొందించిన సంస్థను ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో కొనుగోలు చేసింది. 2011లో దీనికి ఉచిత రూపం కూడా వెలువడింది. 2018లో కంపోజిటింగ్‌కు ఉపకరించే ‘ఫ్యూజన్’ ఇందులోనే అంతర్భాగమైంది. చేతిలో డబ్బు, తీరిక రెండూ తక్కువగా ఉన్న యువకునికి ఇంతకంటె అనుకూలమైనది మరొకటి కనబడదు.

‘ఆఫ్టర్ ఎఫెక్ట్స్’లో దృశ్యాలను పొరమీద పొరగా పేరుస్తారు. శీర్షికలకు, చిన్న కూర్పులకు అది సులభం. పొరలు పదుల సంఖ్యకు చేరితే చిక్కుపడుతుంది. డిజిటల్ డొమైన్ స్టూడియోలో 1993లో పుట్టిన ‘న్యూక్’ది వేరే మార్గం. అందులో ప్రతి సవరణా ఒక చిన్న గడి. గడుల నడుమ గీతలుంటాయి. పంటకాలువపై తూముల వలె, ఏ గడినైనా తరువాత సరిచేయవచ్చు. ఆ మార్పు దిగువకు తానే ప్రవహిస్తుంది. ఫ్యూజన్ నడిచేదీ ఈ పద్ధతిలోనే. కంపోజిటింగే జీవనోపాధిగా ఎంచుకున్నవారు న్యూక్‌ను లోతుగా సాధన చేయాలి. ఛాయాగ్రాహకునికి దాని తర్కం బోధపడితే చాలు.

ఆ తర్కమే ముఖ్యమనడానికి కారణముంది. ఒకనాడు పేరుమోసిన ‘షేక్’ అనే కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను 2002లో యాపిల్ సంస్థ సొంతం చేసుకొని, 2009లో నిలిపివేసింది. గడుల పద్ధతి వంటబట్టినవారికి న్యూక్‌లోకి మారడం పెద్ద కష్టం కాలేదు. మీటల స్థానాలను మాత్రమే కంఠస్థం చేసినవారు మళ్లీ ఓనమాల నుండి మొదలుపెట్టవలసి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభించినా మానిటర్ విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. రంగులు సరిగా చూపని తెర ముందు ఎంత నేర్పుగా దిద్దినా, థియేటర్‌లో నాయిక ముఖం పచ్చబారి కనిపించవచ్చు. అందువల్ల అనుభవజ్ఞులు తెరతోపాటు, వెలుగు పరిమాణాన్ని గీతలుగా చూపే ‘వేవ్‌ఫామ్’ను కూడా గమనిస్తూ పనిచేస్తారు. అలసిన కన్ను గుర్తించని తేడాను ఆ గీతలు పట్టి ఇస్తాయి.