వంకర పళ్లు వరసలోకి రావడానికి అన్ని నెలలెందుకు?

బొల్లారం చౌరస్తాలో స్నేహితుడు నవ్వితే పళ్ల మీద ఏదో మెరిసిందా? అది అలైనర్ కావచ్చు, అంటే పళ్లను వరసలోకి తెచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు. కొద్దిపాటి వంకరైతే సాధారణంగా ఆరు నెలలకు అటూ ఇటూగా సరి అవుతుంది.

అంత కాలం ఎందుకు? పన్నును ఎముకకు సన్నని నారపొర పట్టి ఉంచుతుంది. తొడుగు నొక్కినవైపు కొన్ని కణాలు ఎముకను కరిగిస్తాయి, రెండోవైపు మరికొన్ని కొత్త ఎముకను కడతాయి. ఈ పని నిదానంగా సాగుతుంది. అందుకే ఒక్కో తొడుగు పన్నును సుమారు 0.25 మిల్లీమీటర్లే జరుపుతుంది. వారానికో, రెండు వారాలకో కొత్తది పెట్టుకోవాలి.

రోజుకు 20-22 గంటలు పెట్టుకోవాలి. మిర్చిబజ్జీ తినేటప్పుడు, వేడి చాయ్ తాగేటప్పుడు తీసేయాలి. వరస కుదిరాక రిటైనర్, అంటే పళ్లను కుదిరిన చోటే పట్టి ఉంచే సాధనం, వాడకపోతే పళ్లు మళ్లీ పాత చోటి వైపు జరగవచ్చు. డాక్టర్ చూడకుండా అలైనర్ తెప్పించుకోకండి!