కంపైలర్ లైసెన్సులు - వాణిజ్య వినియోగం: పనిముట్టుకు, ఉత్పత్తికి మధ్య హక్కుల రేఖ

వ్యాససంగ్రహం:
ఓపెన్ సోర్స్ కంపైలర్‌తో తయారుచేసిన ప్రోగ్రామును అమ్ముకోవచ్చా? అమ్మితే దాని సోర్స్ కోడ్‌ను తప్పనిసరిగా బయటపెట్టాలా? ఈ ప్రశ్నలకు లైసెన్సు పాఠాలలో ఉన్న సమాధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. కంపైలర్ లైసెన్సు ప్రధానంగా కంపైలర్‌కే వర్తిస్తుంది. అయితే కంపైలర్ తనకు చెందిన కొంత కోడ్‌ను ఉత్పత్తిలోకి చేర్చినప్పుడు, ఆ ఉత్పత్తి వాణిజ్య భవితవ్యాన్ని లైసెన్సుకు జోడించిన మినహాయింపు నిర్ణయిస్తుంది. బైసన్, జీసీసీ, న్యాట్, ఎల్ఎల్‌వీఎం అనే నాలుగు ఉదాహరణల ద్వారా ఈ విషయం పరిశీలించబడింది. తెలుగు ఫాంట్ల లైసెన్సులలోనూ ఇదే సూత్రం కనిపించే తీరు సూచించబడింది.

కీలక పదాలు: కంపైలర్, కాపీలెఫ్ట్, జీపీఎల్, రన్‌టైమ్ లైబ్రరీ, మినహాయింపు, వాణిజ్య వినియోగం, తెలుగు ఫాంట్లు.

1. ఉపోద్ఘాతం

భారత కాపీరైట్ చట్టం (1957) తన సవరణల ద్వారా కంప్యూటర్ ప్రోగ్రామును 'సాహిత్య కృతి' నిర్వచనంలో చేర్చింది. అంటే చట్టం దృష్టిలో కథకు, కావ్యానికి, ప్రోగ్రాముకు ఒకే వర్గంలో స్థానం ఉంది. ఈ కారణంగా సాహిత్య విద్యార్థికి పరిచితమైన కర్తృత్వం, అనువాదం, అనుసరణ వంటి భావనలే సాఫ్ట్‌వేర్ హక్కుల చర్చకూ పునాదులయ్యాయి.

కంపైలర్ పనిని అనువాదంతో పోల్చడం పరిపాటి. ప్రోగ్రామర్ రాసిన సోర్స్ కోడ్‌ను అది యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. ఒక నవలను తెలుగులోకి తెచ్చిన అనువాదకుడికి తన అనువాదంపై హక్కు ఏర్పడుతుంది. ఎందుకంటే పదాల ఎంపికలో, వాక్య నిర్మాణంలో అతని సృజన ఉంది. కంపైలర్ చేసే మార్పు నియమబద్ధమైన యాంత్రిక ప్రక్రియ. అందువల్ల దాని ఫలితంపై హక్కు మూల ప్రోగ్రాము రాసినవారికే చెందుతుంది, కంపైలర్ రాసినవారికి కాదు. ఇది సాధారణ సూత్రం. ఈ సూత్రం ఎక్కడ సడలుతుందో గుర్తించకపోతే, ఒక సంస్థ ఏళ్ల తరబడి నిర్మించుకున్న ఉత్పత్తి తాను ఊహించని షరతులకు లోబడవలసి రావచ్చు. మరోవైపు, లేని షరతును ఊహించుకుని మంచి పనిముట్టును దూరం చేసుకునే ప్రమాదమూ ఉంది.

2. 'ఉచితం', 'స్వేచ్ఛ', 'వాణిజ్యం'

ఈ చర్చలో మొదటి చిక్కు పదజాలానిది. ఆంగ్లంలో 'ఫ్రీ' అనే ఒకే మాట వెల లేకపోవడాన్ని, స్వేచ్ఛను కూడా సూచిస్తుంది. తెలుగులో వీటికి 'ఉచితం', 'స్వేచ్ఛ' అనే రెండు వేర్వేరు మాటలున్నాయి. కాబట్టి 'ఫ్రీ సాఫ్ట్‌వేర్'ను 'ఉచిత సాఫ్ట్‌వేర్' అని అనువదించడం భావాన్ని తప్పుదారి పట్టిస్తుంది. 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్' సరైన మాట.

1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించారు. గ్నూ ప్రోగ్రాములన్నింటికీ వర్తించేలా రూపొందిన జనరల్ పబ్లిక్ లైసెన్సు (జీపీఎల్) మొదటి పాఠం 1989లో, రెండవది 1991లో, మూడవది 2007లో వెలువడ్డాయి. జీపీఎల్ కింద ఉన్న ప్రోగ్రామును అమ్మడం నిషిద్ధం కాదు. ఎవరికి ప్రోగ్రాము అందుతుందో వారికి సోర్స్ కోడ్ కూడా అందాలి, దానిని మార్చుకుని పంచుకునే హక్కు వారికి ఉండాలి అన్నదే దాని ప్రధాన షరతు. ఈ షరతు పంపిణీతో మొదలవుతుంది. ఒక సంస్థ తన అవసరాలకే పరిమితమై వాడుకుంటున్నంత కాలం ఇతరులకు సోర్స్ కోడ్ ఇవ్వవలసిన బాధ్యత లేదు.

అందువల్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వ్యతిరేకపదం వాణిజ్య సాఫ్ట్‌వేర్ కాదు. సోర్స్ కోడ్‌ను, మార్పు హక్కును తన వద్దే ఉంచుకునే యాజమాన్య సాఫ్ట్‌వేర్. 1989లో ప్రారంభమైన సిగ్నస్ సంస్థ గ్నూ కంపైలర్‌ను కొత్త ప్రాసెసర్లకు అనువుగా మార్చి ఇవ్వడం, దానికి మద్దతు సేవలు అందించడం ద్వారానే వ్యాపారం సాగించింది. 1999లో రెడ్‌హ్యాట్ ఆ సంస్థను కొనుగోలు చేయనున్నట్లు ప్రకటించింది.

3. ఉత్పత్తిలో మిగిలే పనిముట్టు

ఒక పట్టుచీరను నేసిన మగ్గం ఎవరిదైనా, చీరపై హక్కు మగ్గం యజమానికి రాదు. కాని ఆ మగ్గం నేసిన ప్రతి చీర అంచులోనూ యజమానికి చెందిన జరీ తప్పనిసరిగా చేరుతుందనుకుంటే అప్పుడు ప్రశ్న మారుతుంది. చీర అమ్మేవారు ఆ జరీని ఏ షరతుపై పొందారన్నది తేల్చుకోవాలి.

కంపైలర్ల విషయంలో ఈ జరీ వంటిదే రన్‌టైమ్ లైబ్రరీ. ప్రాసెసర్ నేరుగా చేయలేని గణితక్రియలు, లోపాల నిర్వహణ వంటి పనులకు కంపైలర్ సిద్ధంగా ఉంచిన కోడ్ ముక్కలు తుది ప్రోగ్రాములో చేరతాయి. జీపీఎల్ మూడవ పాఠం ఈ రేఖను స్పష్టంగా గీసింది: ఒక ప్రోగ్రామును నడపగా వచ్చిన ఫలితం, తన విషయాన్ని బట్టి ఆ ప్రోగ్రాముపై ఆధారపడిన కృతి అయినప్పుడు మాత్రమే లైసెన్సు పరిధిలోకి వస్తుంది.

4. నాలుగు ఉదాహరణలు

4.1 బైసన్: బైసన్ అనేది భాషా వ్యాకరణ సూత్రాలను ఇస్తే వాటి ప్రకారం పదబంధాలను విశ్లేషించే ప్రోగ్రామును, అంటే పార్సర్‌ను తయారుచేసే పనిముట్టు. అది తయారుచేసే పార్సర్‌లో బైసన్‌కు చెందిన కోడ్ గణనీయమైన పరిమాణంలో యథాతథంగా చేరుతుంది. దీని ఫలితంగా 1.24 పాఠానికి ముందు, బైసన్ తయారుచేసిన పార్సర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే వాడవలసి వచ్చేది. ఇది ప్రత్యేకంగా తీసుకున్న విధాన నిర్ణయం కాదని, మొత్తం కోడ్‌కు మామూలు జీపీఎల్‌ను వర్తింపజేయడం వల్ల కలిగిన పర్యవసానమని బైసన్ కరదీపికే చెబుతుంది. ఆ నిర్బంధం ఇతర సాఫ్ట్‌వేర్‌ను స్వేచ్ఛ వైపు మళ్లించడంలో పెద్దగా ఉపకరించలేదు. అందువల్ల 1.24లో సీ భాషా పార్సర్లలో ఒక రకానికి, 2.2 నుండి మిగిలిన పార్సర్లకు కూడా మినహాయింపు లభించింది.

4.2 జీసీసీ: 1987లో తొలిసారి విడుదలైన ఈ కంపైలర్‌తో యాజమాన్య ప్రోగ్రాములను తయారుచేయడానికి మొదటి నుండీ అభ్యంతరం లేదు. అయితే కంపైలర్‌నే విస్తరించి మూసిపెట్టడం వేరు. నెక్స్ట్ సంస్థ ఆబ్జెక్టివ్-సీ భాష కోసం జీసీసీకి జోడించిన భాగాన్ని సోర్స్ కోడ్ లేకుండా విడిగా ఇచ్చి, వాడుకరులే దానిని జీసీసీతో కలుపుకొనేలా చేయాలని మొదట భావించింది. ఈ మార్గం జీపీఎల్ షరతును తప్పించలేదని ఫౌండేషన్ న్యాయవాది అభిప్రాయపడగా, ఆ భాగం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే వెలువడింది. ఉత్పత్తి విషయంలో ఉదారంగా ఉన్న లైసెన్సు పనిముట్టు విషయంలో కఠినంగా నిలిచిందని ఈ ఉదంతం చెబుతుంది.

2009లో ప్రకటించిన జీసీసీ రన్‌టైమ్ లైబ్రరీ మినహాయింపులో ఈ రెండు ధోరణులూ ఒకే చోట కలిశాయి. దాని ప్రకారం రన్‌టైమ్ లైబ్రరీ చేరిన ప్రోగ్రామును తయారుచేసినవారు తమకు నచ్చిన షరతులతో పంపిణీ చేయవచ్చు. కాని కంపైలింగ్ ప్రక్రియ అర్హమైనదై ఉండాలి. జీసీసీని ఒంటరిగా గాని, జీపీఎల్‌తో పొసగే ఇతర సాఫ్ట్‌వేర్‌తో కలిపి గాని వాడవచ్చు. జీసీసీని అసలు వాడకపోయినా అభ్యంతరం లేదు. జీసీసీ లోపలి మధ్యంతర రూపాన్ని బయటకు తీసి, మూసిన సాఫ్ట్‌వేర్‌తో మెరుగుపరచి, తిరిగి ఈ లైబ్రరీతో కలిపితే మాత్రం మినహాయింపు వర్తించదు. ఈ రక్షణ ఏర్పడిన తరువాతే 2010లో విడుదలైన జీసీసీ 4.5లో ప్లగిన్లకు అవకాశం కల్పించారు.

4.3 న్యాట్: అడా భాషకు చెందిన ఈ కంపైలర్ న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో అమెరికా వాయుసేన ఒప్పందం కింద రూపొందింది. దానిని అభివృద్ధి చేసినవారు 1994లో అడాకోర్ సంస్థను నెలకొల్పారు. మినహాయింపుకు ఉన్న వాణిజ్య విలువ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ సంస్థ వెల లేకుండా ఇచ్చిన కూర్పులో రన్‌టైమ్ లైబ్రరీకి మినహాయింపు లేదు. దానితో తయారుచేసిన ప్రోగ్రామును పంపిణీ చేయాలంటే జీపీఎల్ షరతులు పాటించాలి. చందా చెల్లించే ఖాతాదారుల కూర్పులో మినహాయింపు ఉంది. జీసీసీలో భాగంగా వెలువడే న్యాట్‌లోనూ మినహాయింపు ఉంది. కంపైలర్ ఒకటే, భాష ఒకటే. ఎక్కడి నుండి తెచ్చుకున్నారన్నదానిని బట్టి హక్కులు మారాయి. వెల లేని ఆ కూర్పు 2021తో ఆగిపోయింది.

4.4 ఎల్ఎల్‌వీఎం: 2000లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విక్రమ్ అద్వే, క్రిస్ లాట్నర్ ప్రారంభించిన ఈ ప్రాజెక్టు షరతులు తక్కువగా ఉన్న విశ్వవిద్యాలయ లైసెన్సుతో 2003లో విడుదలైంది. 2005లో లాట్నర్ ఆపిల్‌లో చేరారు. ఈ లైసెన్సు కింద కంపైలర్‌నే మార్చి, మార్పులను వెల్లడించకుండా అమ్ముకోవచ్చు. జీసీసీతో ప్రధాన భేదం ఇదే. అయినా మినహాయింపు అవసరం ఇక్కడా తప్పలేదు. 2019లో అపాచీ 2.0 లైసెన్సుకు మారినప్పుడు, లైసెన్సు ప్రతిని, హక్కుల ప్రకటనలను జతచేయాలన్న షరతులు కంపైలర్ వాడిన ప్రతి ప్రోగ్రాముకూ అంటుకునే అవకాశం ఏర్పడింది. అందుకే కంపైలింగ్ వల్ల చేరిన భాగాలకు ఆ షరతులు వర్తించవని ప్రత్యేక మినహాయింపును జోడించారు. ఉదారమైన లైసెన్సు కూడా ఉత్పత్తి విషయాన్ని విడిగా పేర్కొనవలసి వచ్చిందన్నది ఇక్కడ గమనార్హం.

5. తెలుగు ఫాంట్లు: అదే సూత్రం

పీడీఎఫ్ రూపంలో వెలువడే తెలుగు పుస్తకంలో ఫాంటు భాగాలు ఇమిడి ఉంటాయి. ఫాంటు కూడా ఉత్పత్తిలో మిగిలే పనిముట్టే. రామరాజ, గిడుగు, మండలి, సురవరం వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద లభిస్తున్నాయి. మొదట జీపీఎల్ కింద ఉన్న లోహిత్ తెలుగు కూడా తరువాత ఈ లైసెన్సుకే మారింది. ఫాంటును ఒంటరిగా అమ్మరాదని, మార్చిన ఫాంటు అదే లైసెన్సు కింద ఉండాలని ఈ లైసెన్సు చెబుతుంది. ఆ ఫాంటుతో తయారుచేసిన పత్రాలకు మాత్రం ఆ నిబంధన వర్తించదని స్పష్టపరుస్తుంది. అందువల్ల గిడుగు ఫాంటుతో అచ్చయిన నవలకు వెల పెట్టడానికి, దానిపై రచయిత హక్కులు నిలుపుకోవడానికి అడ్డు లేదు. తెలుగు పదవిశ్లేషకాలను, అక్షరదోష పరిష్కారకాలను బైసన్ వంటి పనిముట్లతో నిర్మించే పరిశోధకులకు కూడా ఈ విచక్షణ అవసరం.

6. పరిశీలించవలసిన అంశాలు

ప్రోగ్రామును బయటకు ఇచ్చే ముందు నాలుగు అంశాలను తేల్చుకోవాలి.
(1) కంపైలర్‌ను వాడుతున్నారా, లేక దానినే మార్చి పంపిణీ చేస్తున్నారా?
(2) కంపైలర్‌కు చెందిన ఏ కోడ్ తుది ప్రోగ్రాములో చేరుతోంది?
(3) ఆ కోడ్‌కు మినహాయింపు ఉందా, ఉంటే దానికి షరతులేమిటి?
(4) వాడుతున్న కూర్పు, దాని సంఖ్య ఏవి?
బైసన్ ఉదాహరణలో సంఖ్య మారగానే హక్కు మారింది. న్యాట్ ఉదాహరణలో పంపిణీదారు మారగానే మారింది. కాబట్టి పేరును బట్టి కాక, చేతిలో ఉన్న ప్రతితో వచ్చిన లైసెన్సు పాఠాన్ని బట్టే నిర్ణయం తీసుకోవాలి. ఇతర లైబ్రరీలను కలిపినప్పుడు వాటి లైసెన్సులను విడిగా చూడాలి; కంపైలర్ మినహాయింపు వాటిని కాపాడదు.

7. ముగింపు

ఓపెన్ సోర్స్ కంపైలర్ వాడినంత మాత్రాన ప్రోగ్రాము ఓపెన్ సోర్స్ కాదు. వెల లేకుండా దొరికినంత మాత్రాన కంపైలర్ షరతులు లేనిదీ కాదు. పనిముట్టు లైసెన్సు పనిముట్టుతో ఆగుతుంది. ఉత్పత్తిలో మిగిలిన దాని అంశకు మినహాయింపు సమాధానం చెబుతుంది. ఆ మినహాయింపును ఇవ్వగలిగినవారు కూడా ఆ కోడ్‌పై హక్కు ఉన్నవారే. లైసెన్సు చివర కొద్ది వాక్యాలలో ఉండే ఈ భాగాన్ని విద్యార్థుల చేత చదివించడం, కంపైలర్ నిర్మాణాన్ని బోధించడంతో సమానంగా అవసరం.