మూడు ఓటముల తర్వాత రాష్ట్రపతి భవన్‌కు

గార్లదిన్నె: రాజకీయాల్లో పైకి రావాలనుకునే యువకులు ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి గెలుపులకంటే ఓటములే తెలుసుకోవాలి.

1931లో అనంతపురం కాలేజీ చదువు మాని ఉద్యమంలో దిగారు, జైలు కెళ్లారు. 1952 ఎన్నికల్లో బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండే ఆయనను ఓడించారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలతో 1964లో ఆ పదవికి రాజీనామా ఇచ్చారు.

1969లో రాష్ట్రపతి ఎన్నికలో, 1971లో లోక్‌సభకు ఓడి, ఇల్లూరు చేరి సేద్యం చూసుకున్నారు. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో జనతాకు దక్కిన ఒకే ఒక్క సీటు, నంద్యాల, ఆయనదే. ఆ జూలైలోనే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

వాన తప్పిందని ఈ సీమ రైతు విత్తనం మానడు. ఆయనా మానలేదు.