ఎయిర్‌బ్యాగు: పనితీరు - విచ్చుకున్న తరువాతి పరిస్థితి

1. ఉపోద్ఘాతం:

ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు విచ్చుకున్న మరుక్షణం కారు లోపల పొగ కమ్ముకున్నట్లు కనిపిస్తుంది. చెవులు గింగురుమంటాయి. కాలిన మందుగుండు వంటి ఘాటైన వాసన వస్తుంది. కారుకు నిప్పంటుకుందని భ్రమపడి, వెనుక వచ్చే వాహనాలను గమనించకుండా రహదారిపైకి దిగితే అది మరో ప్రమాదానికి దారితీస్తుంది. మన దేశంలో 2019 జులై 1 నుంచి కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. కాబట్టి దాని పనితీరును, విచ్చుకున్న తరువాత ఎదురయ్యే పరిస్థితిని తెలుసుకోవడం కారులో ప్రయాణించే ప్రతివారికీ అవసరం.

2. పనితీరు:

కారు దేనినైనా ఢీకొని ఆగినప్పుడు, జడత్వం వల్ల లోపలివారి శరీరం అంతకుముందున్న వేగంతోనే ముందుకు సాగుతుంది. కారులోని సెన్సర్లు వేగం ఎంత ఆకస్మికంగా తగ్గిందో కొలుస్తాయి. ఆ తీవ్రత నిర్ణీత స్థాయిని మించితే నియంత్రణ యూనిట్ ఇన్‌ఫ్లేటరుకు విద్యుత్ సంకేతం పంపుతుంది.

అమెరికాకు చెందిన జాన్ హెట్రిక్ 1953లో పేటెంటు పొందిన నమూనాలో సంపీడిత గాలిని ఉపయోగించారు. ఆ పద్ధతిలో సంచి కావలసినంత త్వరగా నిండదు. అందుకే తరువాతి కాలంలో రసాయన చర్యను ఆశ్రయించారు. సోడియం ఎజైడ్‌ను మండించినప్పుడు అది విఘటనం చెంది నైట్రోజన్ వాయువును వెలువరిస్తుంది. ఎజైడ్ విషపదార్థం కావడంతో దాని స్థానంలో గ్వానిడిన్ నైట్రేట్ వంటివి వాడుకలోకి వచ్చాయి. ఢీకొన్న క్షణం నుంచి సంచి నిండేవరకు సుమారు 50 మిల్లీసెకన్లు పడుతుంది. కనురెప్ప వాల్చి తెరవడానికి ఇంతకంటే ఎక్కువ సమయం కావాలి.

నిండిన సంచి అలాగే బిగుసుకుని ఉంటే అదీ గోడవంటిదే అవుతుంది. తల, ఛాతీ తాకే వేళకు వెనుక ఉన్న రంధ్రాల గుండా వాయువు బయటికి పోతూ, శరీర వేగాన్ని క్రమంగా తగ్గిస్తుంది. రక్షణ రహస్యం ఇక్కడే ఉంది.

3. సీటు బెల్టుతో సంబంధం:

ఎయిర్‌బ్యాగు సీటు బెల్టుకు సహాయకం మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. బెల్టు లేనివారు బ్రేకు వేసిన వేగానికే ముందుకు జారి, గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో తెరుచుకునే సంచికి అతి సమీపానికి చేరవచ్చు. అప్పుడు రక్షించవలసిన సాధనమే గాయపరుస్తుంది. స్టీరింగు మధ్యభాగానికీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. చిన్నపిల్లలను వెనుక సీటులోనే కూర్చోబెట్టాలి. వెనుకకు తిరిగి ఉండే శిశువుల సీటును, పనిచేసే ఎయిర్‌బ్యాగు ఎదుట ఎన్నడూ అమర్చకూడదు.

4. విచ్చుకున్న తరువాత:

పొగలా కనిపించేది చాలావరకు సంచి సులువుగా విప్పారడానికి చల్లిన టాల్కమ్ లేదా మొక్కజొన్న పిండి, దానితో కలసిన రసాయన చర్యా శేషాల ధూళి. ఇది కళ్లను, గొంతును మండిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి ఆడకపోవచ్చు. కళ్లు నలుపుకోకుండా నీటితో కడుక్కోవాలి. ముఖంపైన, ముంజేతులపైన చర్మం గీరుకుపోవడం, కమలడం సాధారణం. ఛాతీనొప్పి, ఆయాసం, తలతిరుగుడు, తగ్గని చెవిహోరు ఉంటే వైద్యపరీక్ష తప్పనిసరి.

వీలైతే ఇంజిన్ ఆపి, వచ్చే వాహనాలను గమనించి, దిగి రహదారికి దూరంగా నిలవాలి. మంటలు గాని ఇంధనపు వాసన గాని ఉంటే ఆలస్యం చేయరాదు. మెడ, వెన్ను గాయాల అనుమానం ఉన్నవారిని, అటువంటి అపాయం లేనప్పుడు, కదిలించకుండా 108కి గాని 112కి గాని ఫోన్ చేయాలి. ఇంకా విచ్చుకోని ఎయిర్‌బ్యాగుల ఎదుట సహాయకులు నిలబడకూడదు. బ్యాటరీని తొలగించినా కొద్దిసేపు వాటిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

5. మరమ్మతు:

ఎయిర్‌బ్యాగు ఒక్కసారికే పనికివస్తుంది. దానిని మడిచి మళ్లీ అమర్చడం ప్రాణాంతకం. దానితో పాటు బెల్టును బిగించే ప్రీటెన్షనర్లను, తయారీదారు సూచన మేరకు సెన్సర్లను, నియంత్రణ యూనిట్‌ను కూడా మార్చాలి. పాత కారు కొనేవారు తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగు దీపాన్ని గమనించాలి. అది కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా లోపం ఉన్నట్లే. తయారీదారుల రీకాల్ ప్రకటనలనూ పరిశీలించాలి. టకాటా సంస్థ తయారుచేసిన ఇన్‌ఫ్లేటర్లలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురై క్షీణించింది. ఫలితంగా కొన్ని ఇన్‌ఫ్లేటర్లు పేలి లోహపు ముక్కలను విరజిమ్మాయి. కోట్లాది వాహనాలను వెనక్కి పిలిపించవలసి వచ్చింది.

6. ముగింపు:

ఎయిర్‌బ్యాగు ఒక నియంత్రిత విస్ఫోటనం. శబ్దం, ధూళి, వాసన, స్వల్ప గాయాలు దాని సహజ పర్యవసానాలు. ఈ సంగతి ముందే తెలిసినవారు ఆ క్షణంలో నిప్పుకూ ధూళికీ తేడా గుర్తించగలుగుతారు. బెల్టు ధరించడం, తగిన దూరంలో కూర్చోవడం అనే రెండు అలవాట్లు ఉన్నప్పుడే ఈ సాధనం పూర్తి ప్రయోజనాన్ని ఇస్తుంది.