చెర్రీకి డూపు

మొన్న హైదరాబాదు కృష్ణానగర్‌లో మా గదివాడి పుట్టినరోజు. మూడో అంతస్తు గదిలో ఏడుగురం, అరకిలో కేకు. మధ్యలో ఉన్న ఒకే ఒక్క ఎర్ర చెర్రీని వాడికే వదిలేశాం. నమిలాడు, ఆగాడు, నాలిక మీంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పలచటి, చప్పిడి గింజ. "చెర్రీలో గుండ్రటి గట్టి గింజ ఒక్కటే ఉంటుంది కదన్నా, ఇదేంటి?" అన్నాడు.

అది చెర్రీ కాదు తమ్ముడూ, వాక్కాయ. డూపులూ, ఫైటర్లూ, జూనియర్ ఆర్టిస్టులూ పొద్దున్నే షూటింగ్ బండి కోసం నిలబడే పేటలో కేకు మీద డూపుని ఎవరూ పట్టుకోలేదంటే నాకు నవ్వొచ్చింది.

అసలు చెర్రీ ఎందుకు పెట్టరు?

చెర్రీ చెట్టు పూత పట్టాలంటే చలికాలమంతా గట్టి చలి ఉండాలి. మన దేశంలో కాశ్మీర్, హిమాచల్ లాంటి చల్లటి కొండల్లో తప్ప అది కాయదు. పైగా మెత్తటి పండు, దూరం తెస్తే చితుకుతుంది, ధరా ఎక్కువే. వాక్కాయకి ఈ బాధలేవీ లేవు. చేను గట్టున కంచెగా నాటినా కాస్తుంది. కండ గట్టిది కాబట్టి పాకంలో ఉడికించినా చెదరదు.

పచ్చికాయల్ని కోసి, గింజలు తీసి ఉప్పునీళ్లలో నానేస్తారు. ఒకటీ అరా గింజ లోపలే ఉండిపోతుంది, మావాడికి దొరికింది అదే. అలా నానడంతో వగరు, పులుపు దిగిపోతాయి. తర్వాత రంగు, ఆపైన పంచదార పాకం. పాకాన్ని మొదట్లో పలచగా పెట్టి మెల్లగా చిక్కబరుస్తారు. ఒక్కసారే చిక్కటి పాకంలో పడేస్తే అది కాయలోని నీళ్లన్నీ లాగేస్తుంది, కాయ ముడుచుకుపోతుంది. ఇక రంగు. ఇలాంటి పండ్లకి వాడే ఎరిత్రోసిన్ అనే ఎరుపుకి ఒక గుణముంది. పులుపు తగిలితే కరగదు. అందుకే రంగు పట్టాక కాస్త పులుపు తగిలిస్తే అది కాయలోనే పాతుకుంటుంది, పక్కనున్న తెల్ల క్రీముకి అంటదు.

నీళ్లు పోయకపోయినా వాక్కాయ పొద ఏడాది పొడుగునా పచ్చగా ఎలా ఉంటుంది?

నాకు నచ్చే ప్రశ్న ఇది. హైదరాబాదులో ఏడాదికి పడేది దాదాపు 800 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మిగతా ఎనిమిది నెలలు మొక్క తన తంటాలు తాను పడాలి. టేకు లాంటివి ఆకులు రాల్చేసి ఎండ నుంచి తప్పించుకుంటాయి. వాక్కాయ ఆ దారి పట్టదు. సారం లేని రాతినేలలో ఏటా కొత్త ఆకులు తొడగడమంటే బోలెడు ఖర్చు. అందుకని ఉన్న ఆకునే గట్టిగా కట్టుకుంటుంది. ఒక ఆకు తెంపి మడిచి చూడండి, తోలులా ఉంటుంది. పైన మైనం పూసినట్టు నిగనిగ. ఆ పూత నీటిని బయటికి పోనివ్వదు. ఎండ ముదిరితే ఆకు తన సూక్ష్మరంధ్రాల్నీ మూసుకుంటుంది. వేరు లోతుకి దిగి తడి వెతుక్కుంటుంది. ఎదుగుదల మాత్రం మొదట్లో నత్తనడకే. అంత కష్టపడి నిలుపుకున్న ఆకుని మేక తినేస్తే ఎలా? దానికే ముళ్లు. కొన్ని ముళ్ల కొసలు రెండుగా చీలి ఉంటాయి. గిల్లితే తెల్లటి పాలు కారతాయి. గన్నేరు, నందివర్ధనం దీని చుట్టాలే. గన్నేరు విషం, ఇది పప్పులోకి. ఒకే కుటుంబం కదా అని పాలు కారే ప్రతి కాయనీ రుచి చూడకండి.

జూబ్లీహిల్స్ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. జాతీయ పార్కు అయిన కేబీఆర్ పార్కులో బండల మధ్య ముళ్లపొదలు చూస్తే, బంగళాలు రాకముందు ఇక్కడి నేల ఎలా ఉండేదో తెలుస్తుంది. వాక్కాయ జాతికి నప్పే నేల అలాంటిదే. దీని చిన్న చెల్లెలు కలివి. తెలంగాణ పల్లెల్లో కలే పండ్లంటారు. బఠాణీ గింజంత నల్లటి తీపి పండు. కలివికోడి పేరు విన్నారా? 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది. కలివి పొదల్లో తిరుగుతుందనే ఆ పేరు.

వానాకాలంలో బండి మీద గులాబీ చారల వాక్కాయలు కనిపిస్తే పావుకిలో తెచ్చుకోండి. కత్తికీ వేళ్లకీ నూనె రాసుకుని కోయండి, లేకపోతే ఆ పాలు జిగురై వదలవు. గింజలు తీసి కందిపప్పులో ఉడికించి, వెల్లుల్లి పోపు పెడితే చింతపండుతో పనిలేదు.

డాబా మీద మొక్క కావాలంటే నల్లగా పండిన కాయలోని గింజని ఆరబెట్టి దాచకుండా వెంటనే నాటాలి. పాతబడితే మొలవదు. కాపు చూడాలంటే ఓ మూడేళ్లు ఆగాలి. కేకులోని గింజ పాకంలో ఉడికింది, అది మొలిచే ప్రశ్నే లేదని మావాడికి చెప్పాను. అయినా వాడు దాన్ని కడిగి, బాల్కనీలో తులసికుండీ అంచున గుచ్చి, మగ్గెడు నీళ్లు పోశాడు.